బారాబీన్

ప్రొద్దుటూరు,
జూన్ 14.

ఆపా,

సలాం. మక్బూల్ మామ సోమవారం పులివెందుల అంగళ్ళకు బట్టల మూటలు తెస్తున్నాడు. వాటితోపాటే నీసా గౌన్లు పంపుతున్నాను. నువ్వు దాన్ని తీసుకుపోయిన రోజు అవి తీగ మీద ఆరుతున్నాయి, సర్దడం మర్చిపోయాం, మొన్న వచ్చినప్పుడూ తేలేదు. ఒకటి పొట్టిదైపోయి ఉంటుంది. అయినా పంపుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను 'ఊ' అంటాను. నువ్వు కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ అంతే కదా. పైగా నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో ఉంటుంది, పక్కన దావూద్ బావ వింటుంటాడు. రాస్తే నాకు మాట వస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే వాళ్ళం తెలుగులో రాసుకోవడం చూస్తే ఎవరైనా నవ్వుతారేమో. మనిద్దరికీ రాయడం వచ్చింది ఇదొక్కటే.

మొన్న ఆదివారం అమ్మా నేనూ మీ ఇంటికి వచ్చినప్పుడు నీసాను ఎత్తుకున్నాను. దాని తలలోంచి స్ట్రాబెర్రీ వాసన వచ్చింది. మెడ దగ్గర ఇంకేదో పూల వాసన. వేరే వాళ్ళ పిల్లను ఎత్తుకున్నానేమో అనిపించింది. మీ బాత్రూంలో చూశాను. నువ్వు తెచ్చిన సీసాలు వరసగా ఉన్నాయి. షాంపూ, నురగ సబ్బు, లోషన్, పౌడరు, గులాబీ రంగు టూత్‌పేస్టు.

నేను చదువుకున్న కాన్వెంటులోనే ఇప్పుడు లైబ్రరీ చూస్తున్నానని నీకు తెలుసు. అక్కడికి వచ్చే పత్రికల్లో చిన్నపిల్లల సబ్బులు, షాంపూల గురించి చాలా రాస్తున్నారు. నురగ ఎక్కువ రావడానికి వేసే మందు పిల్లల చర్మాన్ని ఎండబెడుతుందట. 'ఫ్రాగ్రెన్స్' అని ఒక్క మాట రాస్తే చాలట, ఆ వాసన వెనక ఏ రసాయనాలు ఉన్నాయో విడివిడిగా చెప్పనక్కర్లేదట. సీసా చెడిపోకుండా పారాబెన్లని కలుపుతారట. వాటిలో కొన్నిటిని పసిపిల్లలకు వాడొద్దని కొన్ని దేశాలు అన్నాయట. నీసాకు నాలుగేళ్ళు. సీసాల వెనక ఏం రాసి ఉందో ఒకసారి చూడు.

నేనేమీ అనడం లేదు. అది ఏడాది పిల్లగా ఉన్నప్పటి నుంచి నా చేతి మీద పెరిగింది కాబట్టి రాస్తున్నాను. సున్నిపిండి డబ్బా కూడా పంపుతున్నాను. పెసలు, శనగలు, కొంచెం పసుపు. అమ్మ విసిరింది, నేను జల్లించాను. దానికి ఇదే అలవాటు.

నీ చెల్లెలు,
మసరత్


పులివెందుల,
జూన్ 20.

మసరత్తూ,

గౌన్లు అందినాయి. పొట్టి గౌను కూడా సరిపోయింది. నీ దగ్గర్నుంచి నెల రోజులు పక్కకొస్తే పిల్ల తాటిచెట్టంత అయిపోతుందా ఏంది?

నీది ఉత్తరం కాదు మే, పోలీసు నోటీసు. మీ బావకు చదివి వినిపించినా. "సాజియా, మీ చెల్లెలు నోట్లో మాట లేదనుకుంటిమి, అంతా పెన్నులో ఉండాది" అని పడీపడీ నవ్వినాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను మూడేండ్లు చేసిన పని ఏంది? పిల్లలకు నీళ్ళు పోసే పని. ఆ కువైట్ ఇంట్లో ముగ్గురు పిల్లలు, పొద్దున సాయంత్రం నా చేతుల మీదనే. ఇవే సీసాలు. వాళ్ళ ఒళ్ళు చూస్తే పాలమీగడ. ఒక్క పొక్కు లేదు, ఒక్క గజ్జి లేదు. మేడం చేతులకు తడి అంటేది కాదు. పిల్లల స్నానం గురించి నువ్వు నాకు పుస్తకంలో చూసి చెప్తాండావా?

సరే, చూడమన్నావు కదా, చూసినా. ఇంగ్లీషు ఉన్నకాడ అరబ్బీ స్టిక్కరు అంటించినారు. నాకు ఏడో తరగతి చదువే అయినా ఫకీర్ సాహెబ్ దగ్గర అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అర్థం తెలీకున్నా అక్షరం తప్పు పోను. వాళ్ళు ఇంగ్లీషు మాటలు కూడా అరబ్బీలో రాసుకుంటారు. షాంపూను షాంబూ అంటారు. పార్కింగును బార్కింగు అంటారు. మొదట్లో శానా నవ్వుకునేదాన్ని. అట్ల కూడబలుక్కోని చదివితే లోషన్ మీద ఒక మాట తగిలింది. బారాబీన్. బారా అంటే మనకు పన్నెండు. బీన్ అంటే నీ ఇంగ్లీషే. పన్నెండు రకాల గింజలేసి చేసినారన్నమాట. నీ సున్నిపిండిలో ఎన్నుండాయి? రెండు.

డబ్బా అటక మీద పెట్టినా.

ఇంకోటి. నీసా నీళ్ళు పోసుకునేటప్పుడు "ఖాలా ఇట్ల పోయదు" అంటుంది. ఎట్ల పోస్తుందే మీ ఖాలా అంటే చెప్పదు. మూతి బిగించుకోని నిలబడుతుంది, మీద వాన పడే దూడ మాదిరి. నేను అడుగుతాండా, నువ్వు ఎట్ల పోస్తావు? నన్ను వట్టి అమ్మీ అనదు, 'కువైట్ అమ్మీ' అంటుంది, ఏదో ఊరోళ్ళను పిలిచినట్టు. ఫోన్లో నా మొఖం చూపించి అట్ల నేర్పింది అమ్మేనని నాకు తెలుసు. నువ్వు నేర్పినావని అనడం లేదు. నేనూ ఏమీ అనడం లేదు.

మీ ఆపా,
సాజియా


ప్రొద్దుటూరు,
జూలై 9.

ఆపా,

నీ బారాబీన్ కోసం వెతికాను. మా లైబ్రరీ పుస్తకాల్లో లేదు. నెట్‌లో ఇంగ్లీషు అక్షరాలతో రకరకాలుగా కొట్టి చూశాను, ఏవేవో వచ్చాయి గానీ ఇది రాలేదు. బహుశా అక్కడి కంపెనీ పెట్టుకున్న పేరై ఉంటుంది. పన్నెండు గింజలతో చేసిందైతే మంచిదే. తెలియని దాన్ని చెడ్డది అనడం నాకు ఇష్టం లేదు.

అమ్మకు చెప్తే అమ్మ ఊరుకోలేదు. "కువైటోళ్ళు పన్నెండు వేస్తే ఈ కమర్‌బీ రెండు వేస్తుందా?" అంది. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. పెసలు, శనగలు, మినుములు, కందులు, ఉలవలు, అలసందలు, అనుములు, మసూరు, బఠాణీలు, రాజ్మా, సోయా. అక్కడ ఆగిపోయాం. పన్నెండోది అమ్మకు మర్నాడు సేమియా ఉడికిస్తూ గుర్తొచ్చింది, "పిల్లిపెసర!" అని అరిచింది. పశువులకు వేసేది కదమ్మా అంటే, పశువుల చర్మం చూడు ఎట్ల మెరుస్తుందో అంది.

పిండిమరలో దిల్షాద్‌బీ అత్త కొడుకు ఫరూఖ్ ఉన్నాడు. "మసరత్ అక్కా, ఇది వడలకా, దోసెలకా?" అన్నాడు. స్నానానికి అంటే మరంతా నవ్వారు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

వాసన కూడా బాగుండాలని కచ్చూరాలు, బావంచాలు వేయించాను. అమ్మ చిటికెడు చాలంది. నేనే ఇంకొంచెం వేయమన్నాను. ఇంట్లో ఇప్పటికీ ఆ వాసన ఉంది. స్ట్రాబెర్రీ కంటే బాగుందని అమ్మ అంటోంది.

ఇది అటక మీద పెట్టొద్దు ఆపా. వాడి చూడు.

ఎట్ల పోస్తావని అడిగావు. ప్రత్యేకంగా ఏమీ లేదు. అందరూ పోసినట్టే పోస్తాను.

నీసాను దసరా సెలవులకు పంపుతానన్నావు. అమ్మ రోజూ అడుగుతోంది. నేను కూడా.

మసరత్


పులివెందుల,
ఆగస్టు 3.

మసరత్,

నీ పిండి అటక మీద పెట్టలేదు. వాడినా. ఎందుకు వాడినానో తెలుసా? డబ్బా మూత తీస్తానే నీసా ఉరుక్కుంటా వచ్చి ముక్కు పెట్టి "ఖాలా వచ్చిందా?" అనింది. నువ్వు రాలేదే, పిండి వచ్చింది అంటే మొఖం వాడిపోయింది. పోనీ, దీంతో అయినా నా దగ్గర నిలబడుతుందేమోనని పూటపూటా రుద్దినా.

నిలబడింది. ఎండలో వాకిట్లో ఆడుకోని వచ్చింది. ఆ మర్నాటికి మెడ చుట్టూ, భుజాల మీద ఎర్రగా కాలినట్టు లేచింది. ఒకచోట నీటిపొక్కు కూడా. గీరుకోని గీరుకోని ఏడ్చింది. మా అత్త చూసి ఏమనిందో నీకు రాయను. మూడేండ్లు బిడ్డను విడిచిపెట్టి పోయిన దానికి నీళ్ళు పోయడమెట్ల వస్తుందని అనింది. రాయనంటూనే రాసినా.

పశువుల గింజలేసి పంపిస్తావా నా బిడ్డకు? కాన్వెంటులో ఇదేనా నేర్పింది? నా సీసాల్లో విషముందని నోటీసు పంపిన దానివి, నీ డబ్బాలో ఏముండాదో నీకు తెలుసా? కువైట్‌లో మూడేండ్లు ముగ్గురు పిల్లలు, ఒక్క పొక్కు లేదు. నా బిడ్డకు మాత్రం నా చెల్లెలు పంపిన పిండితో పొక్కులు.

దసరాకు పంపను. అమ్మకు నువ్వే చెప్పుకో. నా బిడ్డ నా దగ్గర ఉంటేనే నాకు అలవాటు అవుతుంది. నీకో సంగతి చెప్తా. అది నిద్దట్లో కలవరిస్తే నీ పేరు వస్తుంది. లేచి నన్ను చూసి, నేనని తెలిసినాక సర్దుకోని పడుకుంటుంది. ఆ సర్దుకోవడం ఎట్లుంటుందో నీకు తెలీదు. నీకు తెలియాల్సిన పని కూడా లేదు.

సాజియా


ప్రొద్దుటూరు,
ఆగస్టు 11.

ఆపా,

పొక్కుల సంగతి తెలిసి అమ్మ అన్నం తినలేదు. నేను తిన్నాను, కానీ ఏం తిన్నానో తెలియదు. పొక్కుల మీద ఏమీ రాయకుండా డాక్టరుకు చూపించు. జమ్మలమడుగులో చర్మం డాక్టరమ్మ ఉంది, దిల్షాద్‌బీ అత్త వాళ్ళ వీధిలోనే.

నీ జూన్ ఉత్తరం మళ్ళీ చదివాను. మా కాన్వెంటు సిస్టర్ ఏదైనా రెండుసార్లు చదవమనేది. మొదటిసారి నీ కోపమే కనిపించింది, రెండోసారి అక్షరాలు కనిపించాయి. షాంపూను షాంబూ అంటారని రాశావు. పార్కింగును బార్కింగు అంటారని రాశావు. అరబ్బీలో 'ప' లేదు ఆపా. 'ప' వచ్చిన చోటల్లా 'బ' రాస్తారు. అది నువ్వే రాసి, కింది లైనులోనే మర్చిపోయావు.

బారాబీన్‌లో మొదటి అక్షరం 'ప' చేసి చదువు.

పారాబీన్. పారాబెన్. నేను మొదటి ఉత్తరంలో రాసిన మాటే అది. పన్నెండు గింజలు లేవు. ఒక్క గింజ కూడా లేదు. సీసా చెడిపోకుండా వేసే రసాయనం. నువ్వు దాన్ని అక్షరం తప్పు పోకుండా చదివావు, అర్థం మాత్రం నీకు కావలసింది పెట్టుకున్నావు. నేను నిన్ను నమ్మి, పిండిమరలో అందరూ నవ్వుతుంటే నిలబడి, లేని పన్నెండు గింజలకు పోటీగా పన్నెండు గింజలు పట్టించాను.

కువైట్ పిల్లలకు ఒక్క పొక్కు లేదని రెండుసార్లు రాశావు. వాళ్ళ తల్లి ఆ ఇంట్లోనే ఉండేది ఆపా. చేతులు తడి చేసుకోకపోయినా ఇంట్లో ఉండేది.

మసరత్


పులివెందుల,
సెప్టెంబరు 21.

మసరత్,

నీ చివరి ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నా. మక్బూల్ మామ వచ్చినప్పుడల్లా "ఏమైనా ఉందామ్మా?" అని అడిగేవాడు, లేదని పంపించేదాన్ని. ఆయప్ప నా మొఖం చూసి బీడీ ముట్టించుకోని వెళ్ళిపోయేవాడు.

నువ్వన్నది నిజమే. స్టిక్కరు గోటితో గీకినా. కింద ఇంగ్లీషు ఉండాది. మా ఎదురింటి పిల్లతో చదివించినా. నువ్వు రాసిన మాటే.

నీసాను జమ్మలమడుగు తీసుకపోయినా. దిల్షాద్‌బీ అత్త ఇంట్లో దిగినా. నీకు చెప్పొద్దని అత్తతో ఒట్టు వేయించుకున్నా. డాక్టరమ్మ సీసాలు, డబ్బా రెండూ తెమ్మనింది. డబ్బా వాసన చూసి "బావంచాలు వేసినారా?" అనింది. అవి పూసుకోని ఎండలో తిరిగితే కొందరికి ఒళ్ళు కాలినట్టు పొక్కులొస్తాయంట. మందుల్లో వాడే గింజ, పిల్లల ఒంటికి ఇట్ల రుద్దేది కాదు అనింది. నాకు లోపల సంతోషం అయింది, అబద్ధమెందుకు. అంతలోనే నా లోషన్ తీసుకోని, "ఇంత ఘాటు వాసనేందమ్మా చిన్నపిల్లకు?" అనింది. పారాబెన్ సంగతి అడిగినా. తక్కువగానే వేస్తారు, దాని గురించి గాభరా వద్దు, అది లేని వస్తువు దొరికితే ఇంకా మంచిది, ఈ పిల్లకు ముందు వాసనలు మాన్పించు అనింది. రెండూ పక్కన పెట్టించింది. వాసన లేని మెత్తటి సబ్బు ఒకటి రాసిచ్చింది, నీళ్ళు. అంతే.

అట్ల నీదీ పోయింది, నాదీ పోయింది.

ఇప్పుడు నీకు ఒకటి చెప్తా. ఆ సీసాలు నేను మంచివని తేలేదు, ఫ్యాషనని తేలేదు. నేను పోయిన కొత్తల్లో నీసా వాసన నా రవికెకు ఉండేది. ఉతకకుండా పెట్టె అడుగున దాచిపెట్టుకున్నా. కొన్నాళ్ళకు పోయింది. ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. మొఖం ఫోన్లో చూపిస్తారు, మాట వినిపిస్తారు, వాసన ఎవరు పంపుతారు? ఆ ఇంటి చిన్నపిల్ల నీసా ఈడుది. దానికి లోషన్ పూసి, తల మీద ముక్కు పెట్టి, ఇది నాదే అనుకునేదాన్ని. మూడేండ్లు నాకు బిడ్డ వాసన అంటే అదే. ఇంటికొచ్చి నీసాను ఎత్తుకుంటే పసుపు వాసన వచ్చింది. నీ వాసన. కడిగేసినా.

వాళ్ళ తల్లి ఇంట్లోనే ఉండేది అని రాసినావు. ఆ లైను నాకు నోటికి వచ్చేసింది.

కువైట్ మేడం మళ్ళీ పిలుస్తాంది. కొత్తగా బిడ్డ పుట్టిందంట. మీ బావ నీ ఇష్టం అంటాండు. నేను కూడా అదే అనుకుంటాండా. పిల్ల నాకు దొరకలేదు. ఏడవడం కూడా మానేసింది, నీళ్ళు పోస్తే బొమ్మలెక్క నిలబడుతుంది. ఏడ్చినా బాగుండేది. ఈడ ఉండి రోజూ నీకు ఈర్ష్య పడేదానికంటే ఆడ ఉండి ఎవరి బిడ్డకో నీళ్ళు పోస్తా. నవంబరు లోపల చెప్పాల. నేను పోతే నీసా నీ దగ్గరే. నీకు కావాల్సింది అదే కదా. సరిగ్గా ఆలోచించి రాయి.

సాజియా


ప్రొద్దుటూరు,
అక్టోబరు 6.

ఆపా,

బావంచాలు నేను ఎక్కువ వేయించినవే. అమ్మ తప్పు లేదు.

ఆలోచించాను. వెళ్ళాలనుకుంటే వెళ్ళు. నాకు జమ్మలమడుగు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. పదిహేనో తేదీ చేరాలి. దిల్షాద్‌బీ అత్త ఇంట్లో ఉంటాను. అత్త మేడ మీద గది ఇస్తోంది, ఇద్దరికి సరిపోతుంది. ఆ బడిలోనే నీసాను చేర్పించవచ్చు. డాక్టరమ్మ దగ్గరే.

అది నా దగ్గర బాగుంటుంది. అది నీకూ తెలుసు.

మసరత్


జమ్మలమడుగు,
నవంబరు 4.

ఆపా,

నువ్వూ నీసా డాక్టరమ్మకు మళ్ళీ చూపించుకుని నిన్ననే బస్సెక్కారు. మీరు ఇంకా సగం దారి దాటి ఉండరు, అప్పటికే నేను రాయడం మొదలుపెట్టాను. చించేశాను. ఈ పొద్దు మళ్ళీ రాస్తున్నాను.

నువ్వు నాతో రెండు రోజులూ సరిగా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అత్త మనిద్దరి మధ్యన పళ్ళెం పెట్టి "తినండమ్మా, రేపటికి మిగిలితే మీ మామకే పెట్టాల" అని ఒకటే నవ్వించబోయింది. పాపం అత్త.

శనివారం పొద్దున నువ్వు పెరట్లో నీసాకు నీళ్ళు పోస్తుంటే నేను మేడ మీంచి చూశాను. చూడకూడదనుకున్నాను, చూశాను. నువ్వు చాలా బాగా పోశావు. చెవులు మూశావు, చంకల్లో కడిగావు, ఎక్కడా సబ్బు నిలవనివ్వలేదు. ఎంతో పని నేర్చిన చేతులు. నీసా గోడవైపు చూస్తూ మూతి బిగించుకుని నిలబడింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. అది నన్ను వెతుక్కుందని నాకు సంతోషమేసింది. వెంటనే ఆ సంతోషం నాకే నచ్చలేదు.

మధ్యాహ్నం నువ్వు నిద్రపోయినప్పుడు అది నా గదికి వచ్చింది. నా పుస్తకాలన్నీ కింద పరిచింది. జడ విప్పమంది, విప్పాను. "స్నానం చేసేటప్పుడు ఏడుపు రాలేదా?" అని అడిగాను. "వచ్చింది" అంది. "మరి ఏడవలేదే?" అన్నాను.

"ఏడిస్తే అమ్మీ విమానం ఎక్కుతుందంట. నాన్నమ్మ చెప్పింది. నేను ఏడవను."

కువైట్ అమ్మీ అనలేదు. అమ్మీ అంది. అది నువ్వు దొరకక బొమ్మలా నిలబడటం లేదు ఆపా. నువ్వు పోకుండా ఉండాలని ఏడుపు బిగబట్టుకుంటోంది.

ఈ మాట నీకు బస్సెక్కే ముందే చెప్పి ఉండవచ్చు. నేను టిఫిన్ డబ్బా మూత బిగించి నీకు ఇచ్చాను. ఎందుకో రాస్తాను. నా దగ్గర ఉన్న మూడేళ్ళలో అది ఏడవాలంటే ఏడ్చింది, విసిరేయాలంటే విసిరేసింది. నా కోసం అది ఎప్పుడూ ఏదీ ఆపుకోలేదు. ఆపుకోవాల్సిన అవసరం దానికి రాలేదు. నేనెక్కడికీ పోనని దానికి తెలుసు. నిన్ను చూస్తే నాకు అసూయగా ఉంది. పాలమీగడ లాంటి లోషన్లకు కాదు.

దాని స్నానం గురించి అడిగావు. చెప్తున్నాను.

మొదటి చెంబు నీళ్ళు నువ్వు పోయకు. చెంబు దాని చేతికి ఇవ్వు. నీ రెండు చేతులూ చాపు. ముందు అది నీ చేతులు కడుగుతుంది. సబ్బు కూడా రుద్దుతుంది, వేళ్ళ సందుల్లో కూడా. "గలీజు, గలీజు" అని తిడుతుంది, తిట్టనివ్వు. తొందరపెట్టకు. నీ చేతులు శుభ్రమయ్యాయని అది ఒప్పుకున్నాక తనే వెనక్కి తిరిగి నిలబడుతుంది. అప్పుడు నీళ్ళు పోయాలి. తల మీద పోసే ముందు "వాన" అని చెప్పు. చెప్పకుండా పోస్తే ఊపిరి బిగబడుతుంది. "వాన" అంటే తనే కళ్ళు మూసుకుంటుంది.

అంతే. పెసలు, పారాబెన్ ఏదీ దానికి పట్టదు.

వెళ్ళొద్దని నేను చెప్పలేను. అది నా నోట రాదు, కాగితం మీద కూడా రావడం లేదు. నీసా చెప్పింది రాశాను.

మసరత్


పులివెందుల,
నవంబరు 13.

మసరత్తూ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించలేదు. ఇదొక్కటి నాది.

మా అత్తను అడిగినా. "ఊరికే భయపెట్టేదానికి అన్నా, పిల్ల మాట వింటుందని" అనింది. ఇద్దరికీ పెద్ద రచ్చ అయింది. మీ బావ ఎవరివైపు మాట్లాడాలో తెలీక అంగడికి పోయి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నీసాకు చెంబు ఇచ్చి చేతులు చాపినా. అది నన్ను అట్లే చూసింది. "ఎవురు చెప్పినారు?" అనింది. నీ పేరు చెప్పేదానికి నాకు మనసు రాలేదు మే. ఎవురూ చెప్పలేదు, నాకే తెలుసు అన్నా. నమ్మిందో లేదో. చేతులు కడిగింది. నా చేతులు సబ్బు మందులకు అరిగి గరుకుగా ఉండాయి కదా, "అమ్మీ, ఇది మురికి పోవడం లేదు" అని గీకి గీకి కడిగింది. మురికి కాదే, చర్మమే అట్ల అన్నా. ఒప్పుకోలేదు. నీళ్ళు చల్లారిపోయినాయి. మళ్ళా కాచినా.

వాన అన్నా. కళ్ళు మూసుకునింది.

ఆ తర్వాత ఏడ్చింది. సబ్బు కంట్లో పడిందని పెద్దగా, వీధంతా వినబడేట్టు ఏడ్చింది, నా చీర పట్టుకోని. మా అత్త లోపల్నుంచి "ఏమైందే?" అని అరిచింది. ఏం కాలేదు, నా బిడ్డ ఏడుస్తాంది అని నేనూ అరిచినా.

మేడంకు ఫోన్ చేసి రానని చెప్పినా. ఆమె కోపం చేసుకునింది. చిన్నపిల్ల ఫొటో పంపింది, శానా బాగుండాది.

ఇంకో మాట. రాయకుండా ఉండాలనుకున్నా, నువ్వు నొచ్చుకుంటావని. నాలుగు దినాలుగా నీసా నిన్ను అడగలేదు. ఇది రాస్తే నాకు బాగుంది. నొచ్చుకో. నేను శానా నొచ్చుకున్నా.

ఆదివారం రా. బిర్యానీ చేస్తా. దిల్షాద్‌బీ అత్తను కూడా తోడుకోని రా.

మీ ఆపా,
సాజియా


జమ్మలమడుగు,
నవంబరు 17.

ఆపా,

ఉత్తరం అందింది. నొచ్చుకున్నాను.

బడిలో మూడో తరగతి ఇచ్చారు. ముప్పైమంది పిల్లలు ఒక్కసారే మాట్లాడతారు. వాళ్ళ ముందు నా గొంతు ఎట్ల వస్తోందో నాకే తెలియడం లేదు.

ఆదివారం వస్తాను. అత్త పొద్దున ఆరు గంటల బస్సుకు పోదామంటోంది. వద్దన్నాను. తర్వాతి బస్సుకు వస్తాం. దాని స్నానం అయ్యాకే వస్తాను.

మసరత్